జ్వరంతో పర్మనెంటు

ఒడిశా గనుల్లో మలేరియాను పలుమార్లు జయించిన మహావీరుడు మునిరాజు, ఆండర్సన్‌పేట ఆరోగ్యకేంద్రంలో దోమతెరలు పంచే నర్సు ఎదుట బల్లపై అలసటగా ఆసీనుడయ్యాడు. ఇంటికి తిరిగొచ్చి ఐదేళ్లయింది. గర్భవతి అయిన భార్యతో రేపు మళ్లీ అక్కడికే ప్రయాణం.

"దోమతెర ఆమెకొకటి చాలు సిస్టరమ్మా. నా ఒంటికి ఆ జరం పర్మనెంటుగా అలవాటు."

"తట్టుకునే శక్తి పర్మనెంటు కాదప్పా, దినకూలి. ఆ జరం దోమ కుడతా ఉంటేనే పనికొస్తాది. ఐదేండ్లు ఈడ కుట్టలేదు, దాని పేరు కొట్టేసినారు."

"ఇంగ నేనూ కొత్తోడినేనా?"

"కొత్తోని మాదిరే. కడుపుతో ఉండే మనిషికి జరమొస్తే ఇంకా కష్టం. నువ్వూ పడకేస్తే ఆమెని చూసేదెవురు?"



"ఈ ఊరి బంగారు గనిలో పని పర్మనెంటని మా నాయనా నమ్మినాడమ్మా. గని మూసేసినారు. రెండు తెరలీ."