కుళ్ళాయప్ప ఇంటర్నేషనల్ స్కూలు

విత్తనం చెనక్కాయలు ఒలిచే రోజుల్లో అక్కమ్మ వాకిట్లో ఒక కట్టుబాటు ఉంది. కథ చెప్పేవాళ్ళు కాయ ముట్టనక్కర్లేదు. కానీ చెప్పిన మాట తామే కాదన్నారా, మిగిలిన మూట మొత్తం ఒక్కరే ఒలవాలి. ఒలిచే పని తప్పుతుందని ఏటా ఆమె మొగుడు కుళ్ళాయప్పే కథ చెబుతాడు. వేళ్ళు పోట్లు పుట్టే పని ఆడవాళ్ళది, దవడలు నొప్పి పుట్టే పని ఆయనది.

ఆ సాయంత్రం అక్కమ్మకు కథ మీద మనసు లేదు. కూతురు భద్రమ్మ ఉరవకొండ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. గైడ్స్ దళానికి నాయకురాలిగా టీచరమ్మ ఆ పిల్లనే ఎంచింది. తెల్లారితే అందరూ అనంతపురం క్యాంపుకు ప్రయాణం. "వయసొచ్చిన పిల్ల పరాయి ఊర్లో పండుకుంటాదా? వద్దు" అని పొద్దున్నే తేల్చేశాడు కుళ్ళాయప్ప. అప్పట్నుంచీ పిల్ల ముద్ద ముట్టలేదు. తల్లి పక్కన కూర్చుని, కాయలమీద కసి తీర్చుకుంటోంది.

"బెంగళూరు అవతల ఇంటర్నేషనల్ ఇస్కూల్లో నేను పెద్ద వంటమనిషిగా ఉంటి గదా," అని అందుకున్నాడు కుళ్ళాయప్ప. అక్కడ రెండు నెలలు ఆయన ఒలిచింది ఉల్లిగడ్డలని అక్కమ్మకు తెలుసు. ఒలవడం రానివాడేమీ కాదు.

"ఆడ అన్ని దేశాల పిల్లోళ్ళూ ఉండారు. వాళ్ళే ఓట్లేసుకుని లీడర్ని పెట్టుకోవాల. ఒకరికొకరు ఒప్పుకోరు, ఒకటే కొట్లాట. హెడ్మాస్టరు నా కాడికొచ్చి, కుళ్ళాయప్పా, నువ్వే దిక్కు అన్న్యాడు. నేనేం చేసినానో తెలుసా? అందరికీ తలా ఒక రాగిముద్ద పెట్టినా. నమలకుండా మింగినోళ్ళే లీడరంటి. జర్మనీ పిల్ల ఒకతి గుటుక్కున మింగేసింది."

"ఆడపిల్లనా?" అన్నాడు పక్కింటి నల్లప్ప.

"ఆడపిల్లేనప్పా. నేను తయారు చేసినా. తాడు లాగే పందెంలో అవతల ఏనుగును కట్టినారు, ఏనుగు బోర్లా పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండెక్కే దళానికీ ఆ పిల్లే ముందర. ఎక్కుతా ఎక్కుతా మేఘాలమీదికే పోయినారు. చెట్లు నాటే సంఘం గూడా వాళ్ళదే గదా, చేతుల్లో గడ్డపారలుండాయి. మేఘాన్ని తవ్వినారు. బెంగళూరులో ఈ పొద్దుకీ వాన యాడిదనుకున్న్యారు?"

"మన పక్క గూడా రెండు గుంతలు తవ్విచ్చింటే నీ సొమ్మేం పోతాండెరా?" అంది ఆయన మేనత్త సుంకమ్మ.

"తవ్విస్తాంటిమత్తా. అంతలోకే అన్నం గంట కొట్టేసినారు."

అందరూ నవ్వారు. అక్కమ్మ తలెత్తకుండా అడిగింది. "అంత ఎత్తుకు పోతాంటే ఆ పిల్ల నాయన ఒప్పుకున్న్యాడా?"

"యాడ ఒప్పుకుంటాడు? మంత్రుల్ని వెంటేసుకుని విమానంలో దిగినాడు. వయసొచ్చిన పిల్ల పరాయి చోట పండుకుంటాదా అన్న్యాడు." పొద్దుటి మాట ఇంకా నాలుకమీదే ఉన్నట్టుంది. "నేను గరిటె పట్టుకొని అడ్డం నిలబడినా. ఏమయ్యా, కన్నబిడ్డ మీద నమ్మకం లేనోనివి నువ్వేం నాయనవి, పంపించు అంటి. మంత్రులందరూ తలకాయలు దించుకున్న్యారు. ఆయప్ప నా కాళ్ళమీద పడి ఏడ్చినాడు సూడు, ఆ కన్నీళ్ళకు వంటిల్లు మునిగింది. గంగాళాల్లో ఎక్కి తేలుకుంటా బయటపడినాము."

"పంపించమన్న్యావా?" అక్కమ్మ ఇప్పుడు తలెత్తింది.

"అంటి. దేవుని మీద ఒట్టు."

"అందరూ వింటిరి గదా," అంది అక్కమ్మ. "భద్రీ, లెయ్యి. బట్టలు సర్దుకో."

కుళ్ళాయప్ప గొంతు సవరించుకున్నాడు. "అది వేరే, ఇది..."

సుంకమ్మ కాళ్ళదగ్గరి మూటను ఆయన వైపు తోసింది. "వేరేనా? ఆ మాటే గట్టిగా అను. ముడి గూడా విప్పలేదు. జర్మనీకి చెప్పిన న్యాయం నీ ఇంట్లో చెల్లదంటే, రా, ఈడ కూర్చో."

ఆయన కూతుర్ని చూశాడు. అప్పటికే లేచి నిలబడింది. మూటను చూశాడు. మూటనే చాలాసేపు చూశాడు.

"పోయిరా తల్లీ," అన్నాడు. "ఆడ అడిగినోళ్ళకు చెప్పు, మా నాయన జర్మనీవాళ్ళకే బుద్ధి చెప్పినాడని."

ఆడపిల్ల లోకం చూడాలన్న జ్ఞానం కొందరు మగవాళ్ళకు చదువుకుంటే వస్తుంది. కుళ్ళాయప్పకు కాయల మూట చూస్తే వచ్చింది. ఎట్లా వస్తేనేం అనుకుని అక్కమ్మ ఇంకో దోసెడు కాయలు ఒళ్ళో పోసుకుంది.

లోపల భద్రమ్మ పొద్దుటి రాగిముద్దను నమలకుండా గుటుక్కున మింగుతోంది.