కెమెరా ముందు క్షమాపణ

హలో… ఆ, కులుయ్పా అక్కా, నేనే, సాల్కిన్‌ని… గట్టిగా మాట్లాడలేను.

కెమిస్ట్రీ సామాన్ల గదిలో ఉన్నా. లోపల గొళ్లెం పెట్టుకున్నా… ఎందుకేంటక్కా, నా క్లాసులో ఆ ఎర్మెక్ లేడూ, వాళ్ల నాన్న! తలుపు బాదుతున్నాడు… మీ గదికి వినబడుతోందా? మరి పైకి రాలేదేం? వైస్ ప్రిన్సిపాల్ మీరు కాక ఇంకెవరొస్తారు?

…పిల్లాడు పరీక్షలో ఫోన్ చూసి రాశాడు, ఐదుకి రెండు వేశా. అంతే… కాదక్కా, మార్కొక్కటే కాదు. నేను కెమెరా ముందు క్షమాపణ చెప్పాలట. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడతాడట.

… …

మీరూ చెప్పేయమనే అంటారా?

ఒక్క నిమిషం పనా! పోయినేడు మన జాగ్రఫీ బూరుల్ కూడా ఒక్క నిమిషమే చెప్పింది. పిల్లలు ఆ వీడియో క్లాసులోనే పెట్టుకుని నవ్వారు. ఇప్పుడెక్కడుందో తెలుసుగా… ఆ, కుట్టు కార్ఖానాలో, జిప్పులు కుడుతోంది. జిప్పులకి నాన్నలుండరు, హాయిగా ఉందంటోంది…

మీకు నవ్వొస్తోంది. నేనిక్కడ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డా.

…ఆయన పెద్ద ఆఫీసరని నాకూ తెలుసు… ఉద్యోగం మానేస్తానని బెదిరించట్లేదక్కా. భయమేస్తోంది, అంతే. ఆ వీడియో పెట్టాక రేపు క్లాసులోకి ఏ మొహంతో వెళ్లను?… బిష్కెక్ అంతా గాలించినా కెమిస్ట్రీ టీచర్ దొరకట్లేదని, ఉన్నవాళ్లు నిలవట్లేదని మీటింగు మీటింగుకీ వాపోతారుగా? టీచర్స్ డేకి పూలిస్తారు, సర్టిఫికెట్టిస్తారు… నాకవేం వద్దు. పైకొచ్చి తలుపు దగ్గర నిలబడండి, చాలు.

…అక్కా?… ఉన్నారా?

అమ్మో, తన్నాడు! తలుపు ఊగిపోతోంది…

అక్కా, పలకండి…

ఆగండి… ఆపేశాడు. ఎవరో వచ్చారు… మీరేనా? ఫోన్ జేబులో వేసుకున్నారా, గరగరమంటోంది…

వచ్చారు! బతికించారక్కా… ఏంటి, ఏమంటున్నారాయనతో?… కెమెరా మీవైపు తిప్పమంటున్నారా?

మీరెందుకు చెబుతారు క్షమాపణ? మీరేం చేశారని!… నా తరఫునా? వద్దక్కా, ఆపండి! రేపు మీ మీద నవ్వుతారు…

వినబడట్లేదా? ఆపండి, నేనొస్తున్నా… క్షమాపణ చెప్పడానికి కాదు. ఆ మార్కు మారదు.

ఫోన్ కింద పెడుతున్నా. గొళ్లెం బిగుసుకుపోయింది, ఒంటిచేత్తో రావట్లేదు.