హవా మార్పు

ఆ పెట్టె మూత ఎయ్యొద్దక్కా. ఎయ్యొద్దంటి గదా! నా కొడుకు గుడ్డలు దాంట్లో పెడతాండావు, కన్నదాన్ని నేనొకసారి చూడకూడదా?

తెల్లారితే బస్సని నాకూ తెలుసు. ఇంట్లో పది దినాల నుంచి ఇదే మాట. కొండకు పోతాండాం, కొండకు పోతాండాం! వేంపల్లెలో ఇంతవరకు ఎవురూ ఊరు దాటనట్ల. బావ పోతాడు, నువ్వు పోతావు, మీ మరిది, అదే నా మొగుడు, తోడొచ్చి దిగబెట్టి వస్తాడు. రెండేండ్లు నిండని నా ఓబులేసు మీ చంక ఎక్కి పోతాడు. నేను మాత్రం ఈ గోడలు చూసుకుంటా కూచోవల్ల. ఒగ నెలంతా!

నవ్వులాటకు అంటాండాననుకుంటివా? ఆ గుడ్డలు కింద పెట్టి కూచో. బావా, మీ మరిదీ అంగడి కాడికి పోయినారు. పిల్లోడు పండుకోనుండాడు. లేచేలోగా మనం మాట్లాడుకోవల్ల.

అసలు ఈ కొండ మాట యాడ పుట్టిందక్కా? కడప డాక్టరు చెప్పింది నేనూ విన్నా గదా. 'ఈ పిల్లోడు ఎండకు తట్టుకోడమ్మా, చల్లని చోటికి తీసుకపోండి, హవా మార్చండి' అన్నాడు. అంతే. కొండ అనే మాట ఆయప్ప నోట రాలా.

మహానందికి పోదామని నేనంటి. ఆడ చల్లని నీళ్ళు ఎప్పుడూ పారతానే ఉంటాయి, చుట్టూ అరటితోటలు. బస్సు గుడి ముందర దాంక పోతాది, నేనూ రావచ్చు. అప్పుడు నువ్వేమంటివో గుర్తుండాదా? 'కోనేట్లో పడతాడు సుబ్బరత్నా' అంటివి. కొంగుతో నా నడుముకు కట్టుకుంటా అంటి. 'కోతులుండాయి, చేతిలోది గుంజుకుంటాయి' అంటివి. ఏమక్కా, కొండ మీద కోతులు లేవా? అవన్నీ సన్నాసుల్లో కలిసిపోయినాయా?

పోనీ బెంగుళూరన్నా. మా చిన్నాయన ఉండాడు, ఇంట్లోనే కొళాయి, పెరట్లో ఆవు. పిల్లోనికి పాలకు ఎతుక్కోబల్లేదు. బావ ఏమన్నాడు? 'ఒకరింటికి పోయి పడితే మన మర్యాద ఏమైతాది' అన్నాడు. సరే, అది బావ మాట, దానికి నేనేమనలేదు.

ఇంగ మిగిలింది ఆ మదనపల్లె కొండే గదా. కర్నూలు రాజధాని అయినాక డేరాల్లో ఉడికిపోయే ఆఫీసర్లంతా ఎండాకాలం ఆడికే ఉరుకుతాండారంట. వాళ్ళలో ఎవురో తెలిసినాయప్ప బావకు బంగళాలో రూము ఇప్పించినాడంట. దొరలు ఉండి వదిలిపోయిన బంగళా, మంచాలకు దోమతెరలు, తెల్లారుజామున రగ్గు కప్పుకోకపోతే వణుకు! మీ మరిది చెప్తాంటే నేను నోరు తెరుచుకోని విన్నా. ఈ ఎండల్లో రగ్గు కప్పుకోడమంటే ఎట్లుంటాదో చూడల్లని నాకు మాత్రం ఆశ ఉండదా?

ఆ ఆశ పెట్టినాక చెప్తిరి, ఘాటు రోడ్డని. కడుపుతో ఉండేది ఎక్కకూడదని.

చెప్పింది ఎవురు? నువ్వే. బండి కుదుపుకు నీ కడుపు పోయి, ఇంగ పిల్లలే కలగని సంగతి ఆ పొద్దు మళ్ళా ఎత్తితివి. నీ కండ్లలో నీళ్ళు వచ్చె. అవి దొంగ నీళ్ళని నేననను, ఆ అమ్మవారి మీద ఒట్టు, ఎప్పటికీ అనను. ఆ నీళ్ళు చూసే నేను నోరు మూసుకుంటి.

కానీ రేత్రి పగలు ఒకటే ఆలోచన చేస్తాండా. ఇన్ని చోట్లుండంగా, నేను ఎక్కలేని చోటొకటే మీకు నచ్చె. అది ఎట్లక్కా?

ఆ కొండను మదనపల్లె వాళ్ళు ఏమంటారో తెలుసునా? ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. ఆడ ఒగ పిల్లను ఏనుగులు సాకినాయంట. ఆ పిల్ల ఉండుండి ఒగ పొద్దు కనపడకుండా పాయెనంట. పిచ్చిదానా, అది పాతకాలం కత అంటావు. కతే. ఎవురో సాకిన బిడ్డ, కనపడకుండా పోయిన బిడ్డ!

ఉండు, ఉండు. నన్ను చెప్పనీ.

పోయిన ఎండాకాలం వానికి జ్వరమొచ్చి కండ్లు తేలేసినప్పుడు, నేను పనికిరాకుండా పోతి. ఏడిస్తిని, అంతే. తడిగుడ్డ పట్టుకోని వాని పక్కన కూచున్నది నువ్వు. గొంతులో చుక్క చుక్క నీళ్ళు పోసింది నువ్వు. వాడు బతికినాడంటే నీ చేతులే. ఊర్లో ఎవురన్నా అడిగితే నేను గొంతెత్తి చెప్తా. అందుకే గదక్కా, నీ మీద అనుమానం రావడం నాకు ఇంత కష్టంగా ఉండాది.

మళ్ళా ఈ కడుపు వచ్చె. కడుపుతో ఉండి పాలియ్యకూడదని అందరూ అంటిరి. నేను వేపాకు నూరి పూసుకుంటి. వాడు నోరు పెట్టి, మొగం చిట్లించి, నా వైపు ఒగ చూపు చూసినాడు. ఆ చూపు నీకు తెలీదు. రేత్రంతా ఏడుస్తాంటే, 'నీ పక్కలో ఉంటే పాల కోసమే ఏడుస్తాడు, నా పక్కన పండుకోబెట్టు' అంటివి. నిజమే, నీ పక్కన ఏడవలా. నాలుగు దినాలకు మరిచిపాయె.

మొదట పక్క నీది ఆయె. మళ్ళా సంగటి ముద్ద నువ్వే పెడితివి. నీళ్ళు నువ్వే పోస్తివి. వాడు చెవి కమ్మ పట్టుకోందే నిద్రపోడు, కొండ మీద కొత్తచోటు గదా, మరిచిపోవద్దు, అని ఇప్పుడు నీకు చెప్పబోతి చూడు! ఇన్ని నెలల నుంచి వాడు పట్టుకుంటాండేది నీ కమ్మనే. నాకు నవ్వొస్తాండాది. నీకు రాలేదా?

ఈ చొక్కా చూడు. ఇదేందక్కా? వాని మోకాళ్ళు దాటి ఇంకా జానెడు ఉంటాది. ఒగటి కాదు, పెట్టె అడుగున అన్నీ ఇవే.

పెరిగే పిల్లోడంటావా? పెరగల్ల, చల్లగా పెరగల్ల. ఒగ నెలకు ఇంత పెరుగుతాడా? కొండ నీళ్ళు అంత మంచివా? ఒగ నెల ఉండి వచ్చేదానికి ఎవురన్నా పై యేటికీ, ఆ పై యేటికీ చొక్కాలు కుట్టిస్తారా?

మళ్ళా మడిచి పెడతాండావు. పెట్టు.

చొక్కాలు పోనీ. చొక్కాలు చూసి నేను ఇంత దూరం రాలేదు.

వాడు నిన్ను అమ్మా అంటాండాడని నేను మొదట అడిగినప్పుడు నువ్వేమంటివి? 'పెద్దమ్మా అనేకి వానికి నోరు తిరగదు సుబ్బరత్నా, పెద్ద పోయి అమ్మ మిగిలింది' అంటివి. నేను నవ్వితి. అట్లనే గదా పిల్లోళ్ళు, సగం మింగి సగం పలుకుతారు. ఇద్దరమూ కలిసి నవ్వితిమి, ఆ గడప కాడనే కూచోని.

మొన్న పొద్దున నేను చల్ల చిలుకుతాంటే వచ్చినాడు. తప్పటడుగులేసుకుంటా వచ్చి, నా కొంగు పట్టుకోని, మొగమెత్తి పిలిచినాడు.

'సిన్నమ్మా' అన్నాడు.

కవ్వం నా చేతిలో ఆగిపాయె. మళ్ళా అన్నాడక్కా. ముద్దుగా, ఒగ అక్షరం మింగకుండా. సిన్నమ్మా.

పెద్ద అనేకి తిరగని నోరు, సిన్న అనేకి ఎట్ల తిరిగె? చెప్పు. అది వానంతట వానికి వచ్చే మాట కాదు. ఎవురో ఒళ్ళో కూచోబెట్టుకోని, నా పక్క చెయ్యి చూపించి, అను నాయనా, అను నాయనా అని మళ్ళా మళ్ళా నేర్పిస్తేనే వస్తాది. కన్నతల్లిని సిన్నమ్మ అనమని నువ్వు నేర్పించితివి. నీకు మనసెట్ల ఒప్పిందక్కా?

ఏందీ?

నువ్వు కాదా? ప్రమాణం చెయ్యొద్దు, నమ్ముతా. నువ్వు అబద్ధాలు ఆడేదానివి కాదు. మరి ఎవురు? బావనా?

అట్ల తల దించుకోవద్దు. చెప్పు.

మీ మరిదా?

వాని నాయననే?

...ఉండు. నీళ్ళొద్దు. నాకేమీ కాలా. చెయ్యి వదులు.

వాని నాయనే నేర్పించినాడు. నా పక్కన పండుకోని, నా చేతి అన్నం తిని, నా కొడుక్కు నన్ను సిన్నమ్మ అని నేర్పించినాడు. అన్న మాటకు ఊఁ అనడం తప్ప ఏమీ తెలీని మనిషి అనుకుంటి. ఇంత పనిమంతుడని నాకు తెలీకపాయె గదా!

చెప్పు, మిగిలిందీ చెప్పు. కొండ దిగినాక దత్తత చేస్తారా? బావ వంతు పొలానికి వారసుడు ఉండేటట్ల, ఇంటి పేరు నిలబడేటట్ల, అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకున్నారు. 'దానికి ఇంకొకటి వస్తాండాది గదా, నాలుగు దినాలు ఏడ్చి మరిచిపోతాది.' ఇదే గదా మాట? నువ్వు చెప్పబల్లేదు, మీ మరిది గొంతు నాకిక్కడికే వినిపిస్తాండాది. వాడు నా పాలు మరిచిపోయినట్లే నేనూ వాన్ని మరిచిపోతాననుకున్నారు.

నువ్వు ఏడవొద్దు. ఏడవొద్దంటి గదా! ఈ పొద్దు ఏడ్చే వంతు నాది, అదన్నా నాకియ్యి.

అరుద్దామనే ఉండాది. ఊరంతా వినేటట్ల అరిచి, వాన్ని చంకనేసుకోని మైదుకూరికి, మా అమ్మగారింటికి పోదామనే ఉండాది. పోయి ఏం చేయల్ల? ఆడ మాత్రం ఎండ లేదా? రాత్రి వాని ఒళ్ళు చూసినావు గదా, వీపంతా సెగ్గడ్డలు, ఊపిరి ఎగబీలుస్తాండాడు. డాక్టరు చెప్పింది నిజమే. ఆ కొండ చల్లగాలి వానికి కావల్ల. పంపకపోతే ఎండ తీసుకపోతాది. పంపితే మీరు తీసుకపోతారు. నాకు ఏ పక్క దోవ ఉండాది?

అందుకే నిన్నొకదాన్నే కూచోబెట్టుకుంటి. ఇప్పుడు చెప్పేది మొగోళ్ళు వినేది కాదు.

తీసుకపో. చల్లగా ఉంచు, రగ్గు కప్పు, నీ కమ్మ పట్టుకోని పండుకోనీ. నెలకు తెచ్చి నాకియ్యి. నన్ను అమ్మా అనేటట్ల నువ్వే నేర్పించి తీసుకరా. వాని నోరు తిప్పినోళ్ళు తిప్పినారు, నువ్వు మళ్ళా తిప్పు.

ఊరికే చెయ్యమనను.

దీన్ని నీకిస్తా.

దేన్ని అంటావేమక్కా? ఇదో, ఈ కడుపులో ఉండేదాన్ని. పురిట్లోనే తీసుకపో. మంత్రసాని చేతిలోనుంచి నీ చేతిలోకే. నాకు మొగం చూపించొద్దు. నేను పాలియ్యను, ఆవుపాలే పట్టు. మొదటి దినం నుంచి నిన్నే అమ్మా అంటాది, దానికి ఎవురూ ఏమీ నేర్పించబల్లేదు.

ఆడపిల్ల అయితే అంటావా? అయితే ఏమి? నీకు కావల్సింది బిడ్డనా, పొలానికి పేరా? బావను అడిగి చెప్తా అనొద్దు. బావకు పొలం కావల్ల. నువ్వు ఖాళీ ఉయ్యాల ఊపుకుంటా కూచున్నది నేను చూసినా, బావ చూడలా. నీ సంగతి నువ్వు చెప్పు.

నన్నట్ల చూడొద్దక్కా. తల్లివేనా నువ్వు అన్నట్ల చూస్తాండావు. తల్లినే. వానికి తల్లిని. వాడు మొదట నవ్వినప్పుడు చూసినా, పన్ను వచ్చినప్పుడు చూసినా, వేపాకు రోజు నన్ను చూసిన చూపు చూసినా. దీన్ని ఇంకా చూడలా. అందుకే ఇయ్యగలుగుతాండా.

బిన్నా చెప్పు, తడవు చెయ్యొద్దు. నాకు భయంగా ఉండాది. నిన్నటి నుంచి ఇది కదులుతాండాది. ఇదో, ఈ పక్క. చల్ల తాగితే ఒగ తీరు, వానికి జోల పాడితే ఒగ తీరు. రాత్రి నాకు తెలీకుండానే దీంతో మాట్లాడితి.

ఇంగ కొన్నాళ్ళు పోతే దీన్ని గూడ ఇయ్యలేను. ఇప్పుడే ఊఁ అనక్కా.