మీసం కింది గీత

హుస్నాబాద్ సాలెవాడ. పోలీసు యాక్షన్ అయిన ఐదో ఏడు, ఎండలు ముదురుతున్న రోజులు. మొర్రిపెదవితో పుట్టిన ఆడపిల్లను మిషన్ దవాఖానలో చూపించుకొని పర్శరాములు, అతని భార్య దేవవ్వ పొద్దుగూకాక ఇల్లు చేరారు. ఇంట్లో అతని తల్లి ఐలవ్వ. లోపలికి రాగానే పర్శరాములు భార్యను నిలదీశాడు.

“నూలు పున్నమి నాడు గారెలు తిన్నం, బెల్లమన్నం తిన్నం. అంత యాదికున్నది నాకు. గా రాత్రి గ్రహణం పట్టినంక కత్తెర పట్టినవా లేదా, దేవవ్వా?”

“పట్టిన. పొద్దున సంతకు చీర కావాలె, మగ్గం మీదికెల్లి కోసియ్యి అన్నదెవరు? నువ్వు గాదా?”

“నీకు నెల తప్పిందని నాకేం ఎర్క!”

“మెల్లగ మాట్లాడుండ్రి. దేవవ్వా, పిల్లనిటియ్యి. దూది వత్తి ఏడున్నది? పాలు తాగిందా?”

“యాడ తాగుతదత్తా, చీకరాదాయె. డాక్టరమ్మనే చెంచతోని పోసింది. ముందుగాల పెదవి కుడుతదట, ఎనుకసిరి అంగిలి. తండ్రి ఏలుముద్ర పెట్టాలన్నది. గీయన పెట్టకుంట లేచొచ్చిండు.”

“లేవకేం జెయ్యాలె? ఎండ్రకాయ డెక్కలసొంటి ఇనుప పుల్లలు తెచ్చి నా మొహం కొలిచిందవ్వా! ముక్కెంత, దవడెంత, కండ్ల నడుమ ఎంత… అంగట్ల ఎద్దును చూసినట్టు! అందరు చూస్తుండ్రు!”

“నాది గూడ కొలిచింది. నేను ఊకోలేదా?”

“నీది కొలవాలె! తప్పు నీది!”

“కత్తెరతోని రాదు, గ్రహణంతోని రాదన్నది ఆమె. తల్లిదండ్రుల నెత్తుట్లకెల్లి గూడ రావచ్చట. మొహం కొలతల్ల ఏమన్న ఆనవాలు దొరుకుతదా అని చూస్తుందట. రేపు ఇంకో పిల్ల పుడితె…”

“ఇంకో పిల్లనా? నీకా? బండి తోలే రాయమల్లుకు చెప్పిన, తెల్లారి బండి కడుతడు. గీ పిల్లను పట్టుకొని మీ అవ్వగారింటికి నడువు. మల్ల రాకు!”

“పోత! గని డాక్టరమ్మ మీసం లేపు అంటె ఎందుకు లేపలే? గది చెప్పు ముందు.”

“మగోని మీసం మీద చెయ్యేస్తదా ఆమె!”

“మీసం కింద గీతున్నది. నేను చూడలేదా?”

“గది నాడె దెబ్బ! అమ్మమ్మింట్ల, ఉయ్యాలల ఉంటె, మగ్గం మీద అటిటు ఉరికే నాడె ఎగిరొచ్చి తాకింది. వాడకంత ఎర్కే. చెప్పవేందవ్వా!”

“పాలు చల్లగైనయ్. జర వెచ్చవెట్టు బిడ్డా.”

“అవ్వా, నిన్నే!”

“వెచ్చవెడితె గని తాగదు…”

“పాల సంగతి తర్వాత! నాడె దెబ్బనా, కాదా?”

“…కాదు కొడుకా. నువ్వు పెదవి మీద గా గీతతోనే పుట్టినవ్. నిన్ను సంకనేసుకొని గీ ఇంటికొస్తుంటె మీ నాయినమ్మ నన్ను ఎల్లగొడుతదని భయమైంది. నాడె తాకిందని చెప్పిన. అందరు నమ్మిండ్రు. నువ్వు గూడ నమ్మినవ్.”

“అత్తా! పిల్ల పుట్టినప్పటి సంది గీయన నన్ను తిట్టవట్టె. పక్కనే కూసుండి ఇనుకుంట ఊకున్నవా?”

“ఊకున్న. గిప్పుడు నన్ను నువ్వు తిట్టు, పడుత.”

“ఏ గ్రహణం అవ్వా… నాకు ఏ గ్రహణం పట్టింది?”

“గా ఏడు గ్రహణం లేదు. నేను కత్తెర ముట్టలే. రాయమల్లును రానీ, బండి దవాఖానకు తోలమందం. ముందుగాల నా మొహమే కొలవమంట. ఇగ సప్పుడు చెయ్యకుండ్రి, పిల్ల నిద్రవట్టింది. తలుపు నేను మెల్లగ ఏస్త.”