ఫణిశ్రీ పేరు మీద

రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడ మీద గది. రొయ్యల మేత దుకాణాలకు స్టాకూ బిల్లులూ చూసుకునే ప్రోగ్రాములు రాసిపెడతారు గనక దాన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీ అనాలి. కాన్పు సెలవు ముగించుకుని వచ్చిన ఫణిశ్రీకి అక్కడ కుర్చీ దొరికింది గాని ఉద్యోగం దొరకలేదు. పక్క సీటు గణేష్‌బాబు ఆమె మొహం చూడకుండా కీబోర్డు తుడుస్తున్నాడు.

“తుడిచింది చాల్లే గణేషూ, అక్షరాలు చెరిగిపోతాయి. ఇటు చూడు.”

“బారసాల బాగా జరిగిందా అక్కా? పిల్లాడికేం పేరు పెట్టారు?”

“నా పేరు సంగతి చెప్పు ముందు. ఇప్పుడే చంద్రరావు సారు గదిలోంచి వస్తున్నా. ‘చంటిపిల్లాడమ్మా, హాయిగా ఇంటిపట్టునుండి చూసుకో’ అన్నారు. అంత మర్యాదగా పొమ్మనడం ఆయనకే చెల్లింది.”

“అయ్యో… అలా అన్నారా? టీ చెప్పనా?”

“టీ వద్దు. బగ్ లిస్టు ప్రింటు తీసి నా ముందు పెట్టారు. ప్రోగ్రాంలో ఉన్న తప్పుల్లో సగానికి పైగా నా పేరు మీదే. వాపసొచ్చిన మేత బస్తాలు స్టాకులో కలవట్లేదట, నేనేనట. బిల్లు రెండుసార్లు వస్తోందట, నేనేనట. భీమవరం మేత దుకాణం బంగార్రాజుగారు ఫోన్లో నానా తిట్లూ తిట్టారట, అదీ నా వల్లేనట.”

“ఆయన ఎవర్నైనా తిడతారక్కా. ఆ నోరే అంత.”

“నేను కొవ్వూర్లో పురిటి మంచం మీదున్నాను గణేషూ. గోదారి ఈదుకొచ్చి తప్పులు చేసి వెళ్ళానా?”

“తేదీలున్నాయి కదక్కా, సారు చూస్తే…”

“సారు తేదీలు చూడరు. పేర్లు చూస్తారు. నా పేరు ఎవరు వేశారు?”

“అంటే… అందరం, నేనూ సుప్రియా. ఎవరికి దొరికిన తప్పు వాళ్ళు ఎక్కించాం. ‘ఎవరు సరిచేయాలి’ అనే గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోదు కదా. ఎవరిదో ఒకరి పేరు వెయ్యాలి.”

“ఎవరు రాసిన ప్రోగ్రాం అయితే వాళ్ళ పేరు. అలాగేగా చెప్పి వెళ్ళాను?”

“చెప్పారు.”

“స్టాకు ప్రోగ్రాం ఎవరు రాశారు?”

“నెమ్మదిగా అక్కా. తలుపు తీసుంది.”

“ఎవరు రాశారంటే?”

“సారు.”

“బిల్లు?”

“అదీ సారే. మీకు తెలుసుగా, మొదట్లో ఆయనొక్కరే కూర్చుని రాసుకున్నారు.”

“మరి చంద్రరావుగారి పేరు వెయ్యడానికి చేతులు రాలేదా?”

“అది కాదక్కా, అసలు అందులో…”

“నీళ్ళు నమలకు!”

“జీతమిచ్చే మనిషి మీద తప్పు రాసి, ఆ ప్రింటు ఆయన చేతికే ఇవ్వమంటారా? సుప్రియ పేరేస్తే సుప్రియ ఏడుస్తుంది. నా పేరేస్తే నాకు మాట పడుద్ది. మీరైతే ఊళ్ళో లేరు కదా, ఎవరూ నొచ్చుకోరు అనుకున్నాం. మీరొచ్చేలోపు మార్చేద్దామనుకున్నాం.”

“మార్చారా?”

“అలవాటైపోయిందక్కా.”

“అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం! ఎంత మంచివాళ్ళురా మీరు. మా ఆయన పనిచేసే ఐస్ ఫ్యాక్టరీ మూతపడిందని నీకు తెలుసా? ఇల్లు నా జీతం మీదే నడుస్తోందని తెలుసా?”

“తెలుసు.”

“తెలిసీ!”

“ఈ డబ్బాలో ఏంటక్కా? బారసాల స్వీటా?”

“దాన్ని ముట్టుకోకు. లే, సారు దగ్గరికొచ్చి ఇప్పుడు నాతో అన్న మాటే చెప్పు.”

“నేనా? నన్ను… వచ్చే నెల నుంచి టీమ్ లీడర్‌ని చేస్తామన్నారు.”

“నా సీట్లో.”

“మీ సీటని అనలేదక్కా. ఖాళీ అయ్యే సీటన్నారు.”

“ఛీ! సరే, నువ్వు నోరు విప్పొద్దులే. కంప్యూటర్లో ఆ పేర్లు మారితే చాలు. కొత్త ప్రింటు నేనే పట్టుకెళ్తాను. లే, నా పేరుతో లాగిన్ అయి మార్చేస్తా.”

“కుదరదు. మీ పాస్‌వర్డ్ పొద్దున్నే తీయించేశారు. నా దాంట్లో తెరుస్తానుండండి, మీ ఉసురు నాకెందుకు. ఇదిగో, వాపసు బస్తాలది.”

“నా పేరు తీసెయ్. సారు పేరు వెయ్.”

“టైపు చెయ్యనివ్వదక్కా. కింద కనపడే పేర్లలోంచే ఎంచుకోవాలి.”

“ఎంచుకో మరి. పైనే ఉంటుంది చూడు.”

“లేదు.”

“సరిగ్గా చూడు.”

“ఉన్నవే మూడు. నేను, సుప్రియ, మీరు.”

“ఆయన పేరేది? ఎవరు తీసేశారు?”

“ఎవరూ తీయలేదు. మొదట్నుంచీ లేదు.”

“లేకపోవడమేంటి? ఉన్నవాళ్ళందరి పేర్లూ ఎక్కించి ఆయన్ని మాత్రం వదిలేసిన ఆ తెలివైనవాడెవడు?”

“మీరే అక్కా. సెలవుకి వెళ్ళే ముందు మీరే కూర్చుని ఎక్కించారు. సారు పేరేదని నేనడిగాను కూడా. ‘తప్పుల లిస్టులో పెద్దాయన పేరుంటే ఏం బాగుంటుందిరా, నొచ్చుకోరూ’ అన్నారు.”