బతికుండంగానే బండ మీద పండుకున్న దస్తగిరమ్మ

దస్తగిరమ్మ అని దూదేకులామె ఉండె. పరుపులు కుట్టే ఇల్లు. ఆ ఊర్లో దూదేకులోళ్ళవి ఏడిండ్లు, అంతే. మనలో ఆడమనిషి చచ్చిపోతే ఆడోళ్ళే గుసుల్, అదే, ఆఖరు స్నానం చేపియ్యాల గదా, అది తెలిసినోళ్ళు ఆ ఏడిండ్లల్లో ఒక్కరూ లేరంట. టౌను నుంచి పిలిపియ్యాల. ఒకసారి ఏమైందంటే, దస్తగిరమ్మ చెల్లెలు చచ్చిపోయినపుడు వాగొచ్చి టౌనోళ్ళు రాలేక, మర్నాడు మద్యాన్నం దాకా ఆయమ్మను అట్లే పెట్టుకోనుండ్రి. వచ్చినోళ్ళు గూడా కట్టెను పొర్లించినట్ల పొర్లించి కడిగి పాయిరంట. ఆ పొద్దే దస్తగిరమ్మ తన కోడలు మాబున్నిని పిలిచి, నన్ను పరాయోళ్ళు తాకగూడదు, నువ్వే కడగాల, నేర్చుకో అనె.

మాబున్ని ఏం చేస్తది పాపం? మసీదు హజరత్తును అడిగితే ఆయన ఆమె ఫోనుకు ఒక వీడియో పంపిచ్చె. దాంట్లో ఒకామె ప్లాస్టిక్ బొమ్మను పండబెట్టి, ముందు కుడిపక్క, ఆనెక ఎడమపక్క, పైన కప్పిన గుడ్డ జరగనీకుండా ఎట్ల కడగాల్నో చూపిస్తదంట. చూసె, చూసె, పదిసార్లు చూసె. చేతికి రాలే. మనకూ ఒక బొమ్మ గావాలనుకునె. పరుపులోళ్ళకు దూదికేం కొదవ? మనిషెత్తు దూది బొమ్మ కుట్టి, నీళ్ళు పోసుకునే బండ మీద పండబెట్టి, ఎదురుగా వీడియో పెట్టుకోని బిందెలకు బిందెలు నీళ్ళు పోసె. దూదికి నీళ్ళు పోస్తే ఏమైతది, మీరే చెప్పండి? ఎడమపక్కకు తిప్పుదామంటే నలుగురు పట్టినా లేయలేదంట ఆ బొమ్మ. పుట్టినకాడ్నుంచి దూదితోనే బతికిన మనిషికి ఆ మాత్రం తెలీకపాయె చూడు. కూచ్చోని ఏడ్చె, నావల్ల గాదత్తా, టౌనోళ్ళనే పిలిపిస్తాలే అని.

దస్తగిరమ్మ ఆ బొమ్మను కిందికి తోపిచ్చి, కట్టుకున్న కోకతోనే పోయి బండ మీద తానే పండుకునె. పండుకోని, కండ్లు మూసుకోని, "ఏమ్మే, నన్ను కడుగు" అనె. మాబున్ని చెంబు ముంచి మొదలుపెట్టె. బొమ్మకైతే నొప్పి తెలీదు. ఈమె మోచెయ్యి వంచితే అబ్బా అంటది, తల జారితే సరిగ్గా పట్టుకోవే అని తిడ్తది, చంకలో చెయ్యి పెడితే కిలకిలా నవ్వుతది. అట్ల శుక్రవారం శుక్రవారం మూడు నెలలు. ఏది ముందు ఏది వెనక అనేది ఫోన్లో చూసె, ఎంత మెల్లగ పట్టుకోవాల్నో మాత్రం అత్త తిట్లతోనే తెలిసె.

ఆ యేడే చలికాలంలో దస్తగిరమ్మ పాయె. టౌనోళ్ళను పిలవలే. చుట్టూ దుప్పట్లు అడ్డం కట్టి మాబున్నే కడిగె. కుడిపక్కన మొదటి చెంబు పోసి, "నీళ్ళు చల్లగుండాయా అత్తా?" అని అడిగి, జవాబు కోసరం అట్లే నిలబడెనంట.

ఈ సంగతి నేను మా కోడలికి చెప్పి, మే, నేనూ పండుకుంటా, నువ్వూ నేర్చుకుందువు రా అంటి. పొద్దున లేస్తే నాతో కొట్లాడే మనిషి, ఊరికే నా పక్క చూసి, కొంగు నోట్లో కుక్కుకోని లోపలికి పాయె. మూడు దినాలైంది, ఇంతవరకు కొట్లాటకు రాలే. ఏమోనమ్మా, నాకే ఏం తోచకుండా ఉండాది.