ఫైన్ అంటే

నకిరేకల్ బస్టాండులో గుర్వమ్మ కూర్చోలేక లేచింది, నిలబడలేక మళ్ళీ కూర్చుంది. ఇంగ్లీషు టీచరుగా చేసే ఆడబిడ్డ సుగుణ బడికి పోతూ అక్కడే బస్సెక్కుతుందని పొద్దుటి నుంచి కాచుకుని ఉంది. ఆమె కనిపించగానే ఎదురు పోయింది.

“సుగుణా, చౌటుప్పల్ల మందుల కంపెనీల మా ఉమకు ఫైన్ ఏసిన్రు.”

“ఎవరు చెప్పిన్రు వదినె?”

“అదే చెప్పింది. ఎట్లున్నవ్ బిడ్డా అంటే ఫైన్ అంటది. ఎందుకేసిన్రని అడిగేలోపే ఫోన్ పెట్టేస్తది. వారం సంది గిదే కత.”

“అయ్యో, ఫైనంటే మంచిగున్న అని!”

“మరి మన మేకలు హరితహారం మొక్కలు తింటె పంచాయితోళ్లు ఏసింది ఏంది?”

“గది గూడ ఫైనే. రెండింటికి తల్లిమాట ఒక్కటే వదినె. లాటిన్ భాషల దానికి ముగింపు అని అర్థం. చివరిదాక చక్కగ చేసిన పని ఫైన్. తగాద ముగిచ్చేటందుకు కట్టేది గూడ ఫైన్. ఫికర్ పోయిందా ఇగ?”

గుర్వమ్మ తల అడ్డంగా ఊపింది. ఇదివరకు ఉమ ఫోన్ చేస్తే, హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉందని మొదలుపెట్టి అరగంట దాకా వదిలేది కాదు.

“మంచిగుంటె పప్పు సంగతి చెప్పకుంట ఉంటదా అది?”

“అంటే?”

“ముగింపు అన్నవ్ గద. నేను ఇంకోమాట అడగకుంట ముగిస్తాంది నా బిడ్డ. చౌటుప్పల్ల ఆగే బస్సు ఏదో జర చూపెట్టు.”